చార్జి లిస్టులో రాయనివి

ఏప్రిల్ నాలుగో వారంలో ఎప్పుడైనా గురుకుల పాఠశాల గేటు ముందు నిలబడ్డారా? నిలబడే ఉంటారు లెండి. మీ పిల్లో, మీ అన్నయ్య పిల్లలో, ఎదురింటివాళ్ల అబ్బాయో ఎవరో ఒకరు అక్కడ చదువుతూనే ఉంటారు. సాధారణంగా 23వ తేదీ ఆఖరి పనిదినం. పొద్దు పొడవకముందే ఆటోలు బారులు తీరతాయి. ట్రంకు పెట్టెలు, బకెట్లు, ఆ బకెట్లో చుట్టిన దుప్పటి, ఒంటి చెప్పు, సగం అరిగిన సబ్బుబిళ్ల. రెండో చెప్పు ఏమైందంటే పిల్లవాడి దగ్గర సమాధానం ఉండదు. తల్లులు మాత్రం చెప్పుల సంగతి వదిలేసి "ఎంత చిక్కిపోయావురా" అంటారు. వాడు చిక్కినా అంటారు, బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నా అంటారు.

ఆ హడావిడిలో పిల్లలు వెళ్లడమే మన కంటికి ఆనుతుంది. పిల్లల సంగతికేం, వాళ్లు మళ్లీ జూన్ 12న ఇదే బకెట్టుతో దిగుతారు. ఇవాళ నేను చెప్పబోయే కబుర్లు వేరేవాళ్ల గురించి. అదే వారంలో, అదే గేటులోంచి ఇంకొందరు బయటికి నడుస్తారు. వాళ్లు జూన్‌లో రారు.

నేను గురుకులంలో తెలుగు చెప్పినవాణ్ణి. తెలుగు మాస్టారంటే పాఠం ఒక్కటే చెప్తాడని మీరు అనుకుంటే పొరపాటు. ఎవరు రిటైరైనా సన్మానపత్రం రాయాలి. సభ రోజున మైకు పట్టుకోవాలి. ప్రార్థనగీతం పాడే పిల్లకి గొంతు పట్టేస్తే శొంఠి వెతికి తేవాలి. మాట్లాడ్డం ఆపని వక్తకి చీటీ పంపాలి. కాబట్టి వీడ్కోలు సభల విషయంలో నా మాట కాస్త నమ్మొచ్చు.

ముందు ఒక తమాషా లెక్క చెప్తాను. మా తరం ఉపాధ్యాయుల్లో చాలామంది మేలోనో, జూన్‌లోనో, జులై 1నో పుట్టినట్టు సర్టిఫికెట్లు ఉంటాయి. గ్రహబలం అనుకునేరు, అదేం కాదు. బళ్లో వేసిన రోజున హెడ్మాస్టరు గారు "పిల్లాడికి ఎన్నేళ్లు?" అని అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు పుట్టాడండీ" అన్నారు నాన్నగారు. హెడ్మాస్టరు వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, జూన్‌లో చేర్చుకోవడానికి ఐదేళ్లు నిండేటట్టు ఒక తేదీ వేసేశారు. ప్రభుత్వ నిబంధన ప్రకారం వయసు నిండిన నెలలో ఆఖరి రోజు మధ్యాహ్నం తర్వాత ఉద్యోగి విరమించాలి. 1వ తేదీన పుట్టినవాడైతే అంతకుముందు నెల ఆఖరి రోజే. అంటే జూన్ 1 వేయించుకున్నవాడు మే 31న దిగిపోవాలి.

మరి మే 31న గురుకులంలో ఎవరుంటారు? వాచ్‌మన్, రెండు కుక్కలు, రిటైరయ్యే మాస్టారు.

అందుకని ఆయన సభ ఏప్రిల్లోనే కానిచ్చేస్తారు, పిల్లలుండగా. సన్మానం అయిపోతుంది, ఉద్యోగం అయిపోదు. శాలువా కప్పించుకున్న మనిషి మే నెలంతా సంతకం కోసం ఆఫీసుకి వస్తుంటే అటెండరు "ఇంకా ఇక్కడే ఉన్నారా సార్?" అంటాడు. పాపం, అతను మామూలుగానే అంటాడు, ఈయన మనసు చివుక్కుమంటుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, ఆయన చేతికింద ఎక్కువకాలం పెరిగిన పదో తరగతి పిల్లలు ఆ సభకి ఉండరు. పరీక్షలు రాసి వాళ్లు అప్పటికే ఇళ్లకి చేరి ఉంటారు. ఐదో తరగతి పిల్లలు ముందు వరుసలో కూర్చుని, ఎవరో పెద్దాయన వెళ్తున్నారని చప్పట్లు కొడతారు.

రిటైర్మెంటు వయసు కూడా మా తరం వాళ్లతో దోబూచులాడింది. 1983లో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయిన కొత్తలో 58 ఏళ్లని 55 చేశారు. నిన్నటిదాకా పాఠం చెప్పినవాళ్లు గుంపులుగుంపులుగా ఇంటికి వెళ్లారు. తర్వాత మళ్లీ 58 అయింది. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగులకి 2014లో 60, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61. ఇంటి దగ్గర భార్య చేసిపెట్టుకున్న ప్రయాణాల ప్రణాళికలన్నీ ఇన్నిసార్లు వాయిదా పడ్డాయి. అది వేరే కబురు, ఇంకోసారి చెప్పుకుందాం.

అసలు మన సంప్రదాయంలో గురువు వెళ్లిపోవడం అనే ఘట్టమే లేదు, గమనించారా? పాత గురుకులంలో వెళ్లేవాడు శిష్యుడు. చదువు పూర్తయ్యాక స్నానం చేయించి, కొత్త బట్టలిచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపేవారు. ఆ స్నాతకం ఇప్పటికీ కొందరి ఇళ్లలో పెళ్లితంతులో మిగిలే ఉంది. వరుడు గొడుగు వేసుకుని, పావుకోళ్లు తొడుక్కుని కాశీకి బయల్దేరినట్టు నటిస్తే, బావమరిది బెల్లంముక్క పెట్టి వెనక్కి తీసుకొస్తాడు. కాళిదాసు శాకుంతలంలో నాలుగో అంకమంతా వీడ్కోలే గదా, అక్కడా వెళ్లేది శకుంతల. కణ్వుడు ఆశ్రమంలోనే ఉండిపోయాడు. ఆశ్రమం ఆయనది. ఆయన్ని ఎవరు బదిలీ చేస్తారు?

ప్రభుత్వం గురుకులం పెట్టాక కథ తిరగబడింది. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేలులో మొదటిది పెట్టారు. అప్పట్లో నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. మరుసటి ఏడు గుంటూరు దగ్గర తాడికొండ, హిందూపురం వైపు కొడిగెనహళ్లి. మాస్టారు పిల్లలతోపాటే ఆవరణలో కాపురం ఉండాలన్నది అక్కడ మొదటి షరతు. పాత గురువు లాగే అన్నమాట. కానీ ఇల్లు సర్కారు క్వార్టరు. పెరట్లో మునగచెట్టు ఆయన వేసిందే, కాయలు తినేది తర్వాత వచ్చేవాడు. ఉండడం పాత పద్ధతి, పోవడం కొత్త పద్ధతి. ఈ పోవడానికి మన దగ్గర మంత్రం లేదు, తంతు లేదు. ఉన్నదల్లా శాలువా, మెమెంటో, కూల్ డ్రింకు. దానికి తోడు నేను రాసే సన్మానపత్రం.

సన్మానపత్రం సంగతి చెప్పనా? అందులో ఒక పరిభాష ఉంది. విద్యార్థుల వీపు చీరేసినవాణ్ణి "క్రమశిక్షణకు మారుపేరు" అంటాం. మెస్సుకి నూనె చాలకుండా ఇచ్చినవాణ్ణి "సంస్థ వనరులను కంటికి రెప్పలా కాపాడినవారు" అంటాం. స్టాఫ్ మీటింగులో ఏనాడూ నోరు విప్పనివాణ్ణి "మితభాషి", ఆపకుండా మాట్లాడేవాణ్ణి "వాక్చతురులు", ఎప్పుడూ సెలవులో ఉన్నవాణ్ణి "కుటుంబ బాంధవ్యాలకు విలువనిచ్చేవారు". ఆఖరికి పంచరత్నాలు రాయాలి, ఉత్పలమాలో చంపకమాలో. ఇంటిపేరు గణాల్లో ఇమడదు, యతి కుదరదు. కుదిర్చితే మనిషి పేరు మారిపోతుంది. ఓ మాస్టారి ఇంటిపేరుని యతి కోసం కొంచెం సాగదీస్తే, ఆయన భార్య వేదిక మీదే నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేము కట్టి ఇచ్చాం. ఇప్పటికీ వాళ్ల హాల్లో గడియారం కింద వేలాడుతూ ఉంది. ఎవరూ చదవరు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

ఈ సభల్లో అసలు మాట చెప్పేది పిల్లలే. అందుకే వాళ్లని చివర్లో పిలుస్తారు, అదీ టైము మిగిలితే. ఒకసారి ఏడో తరగతి కుర్రాడు మైకు దగ్గరికొచ్చి, మేం రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంచుకుని, "సార్ కొడతారు. నాకు డెంగీ వచ్చినప్పుడు మాత్రం రాత్రంతా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నిద్రలో కూడా నా చెయ్యి వదల్లేదు" అని దిగిపోయాడు. జిల్లా నుంచి వచ్చిన అధికారి నవ్వాలో వద్దో తెలియక మా వైపు చూశాడు. కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం తప్పు, ఆ సంగతి అందరికీ తెలుసు, ఆ మాస్టారికీ తెలుసు. అయినా ఆరోజు మేం రాసిన అరడజను విశేషణాలకన్నా ఆ మూడు వాక్యాల్లోనే ఆ మనిషి ఉన్నదున్నట్టు కనిపించాడు. నా అభిప్రాయం అడిగితే, సభ ఎవరిదైనా పిల్లల్ని ముందు మాట్లాడించాలి. పెద్దలకి టైము మిగిలితే చూద్దాం.

మామూలు బళ్లో మాస్టారు వెళ్లిపోతే ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. మర్నాడు ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. సాయంత్రం నాలుగున్నరకి బడి అయిపోయాక పిల్లవాడి బాగోగులు అమ్మానాన్నలవి. గురుకులంలో అలా కాదు. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా, తరగతికి 80 మంది చొప్పున చాలాచోట్ల 640 మంది. పొద్దున ఐదింటికి విజిల్ వేసి లేపేది, పీటీకి తోలేది, స్టడీ అవర్లో తూగుతున్నవాడి నెత్తిన నీళ్లు చల్లేది, రాత్రి రోల్‌కాల్‌లో ఒక్కొక్కడి తలా లెక్కపెట్టేది వీళ్లే. అలాంటి మనిషి వెళ్లేటప్పుడు ఉద్యోగంతో పాటు ఇంకొకటి కూడా అప్పగించాలి. ఆ అప్పగింతే కష్టం.

కాగితం మీద చూస్తే అప్పగింత సులువే. దాన్ని చార్జి ఇవ్వడం అంటారు. ఒక బాలికల గురుకులంలో డిప్యూటీ వార్డెన్‌గా ఉన్న మేడమ్‌కి బదిలీ అయినప్పుడు సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. స్టోర్‌రూములో ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటోంది. కొత్తగా వచ్చినావిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని బస్తాల మధ్య నిలబడింది. మెస్ కుర్రాడు కాటా మీద బియ్యం బస్తా ఎత్తాడు. రిజిస్టరులో ఒకటుంది, కాటా ఇంకొకటి చూపిస్తోంది. రెండు కిలోలు తరుగు. "ఎలుకలండీ" అన్నాడు. "ఎలుకలకి రిజిస్టర్లో కాలమ్ లేదుగా" అంది కొత్తావిడ. నిజమే. కందిపప్పు, చింతపండు, నూనె టిన్నులు, ఎండుమిరపకాయలు. తర్వాత స్టీలు పళ్లేలు: అంచు వంగినవి వేరు, బాగున్నవి వేరు. గ్లాసులు. దుప్పట్లు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, అందులో మూత పోయిన అయోడిన్ సీసా. తాళంచెవుల గుత్తి. ఒక్కో చెవికి గుడ్డపీలిక కట్టి ఉంది, ఎర్రపీలిక డార్మెటరీ, పచ్చపీలిక స్టోరు, నీలం బాత్‌రూముల వైపు గేటు. మూడు ప్రతులు రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు, నేనూ చేశాను.

అంతా అయిపోయాక వెళ్లే మేడమ్ బ్యాగులోంచి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ తీసింది. "ఇది లిస్టులో రాయలేదండీ, మీకే" అంది. కొత్తావిడ తెరిస్తే నేను పక్కనుంచి చూశాను. ఆరో తరగతిలో ఫలానా అమ్మాయి నిద్రలో నడుస్తుంది, పై గడియ వేయాలి, కింది గడియ తీసేసుకుంటుంది. ఈ పిల్లకి ఫిట్స్, రాత్రి ఎనిమిదింటికి మాత్ర, నర్సు మర్చిపోయినా మీరు మరవొద్దు. ఈమె పక్క తడుపుతుంది, పొద్దున్నే అందరికంటే ముందు లేపి పంపేస్తే ఎవరికీ తెలియదు. ఈ పిల్ల నాన్న తాగి గేటు దగ్గరికొస్తాడు, పంపకండి, మేనమామకి ఫోన్ చేయండి. ఇంకో పేజీలో ఒక్క పేరే ఉంది. ఆ పిల్ల కోసం కలిసే ఆదివారం నాడు ఎవరూ రారు. పక్కన ఇలా రాసింది: "ఆరోజు స్టోరు తాళాలు ఈమెకిచ్చి సామాన్లు సర్దమనండి. ఏడవడానికి తీరిక దొరకదు."

కొత్తావిడ అప్పటిదాకా చాలా కచ్చితంగా మాట్లాడిన మనిషి. ఆ పేజీ దగ్గర ఆగిపోయి, కాసేపటికి, "అక్కా, ఇంకో రెండు రోజులు ఉండగలరా?" అంది. ఉండడానికి లేదు. రిలీవింగ్ ఆర్డరు వచ్చేసింది. అవతల బడిలో చేరడానికి గడువుంది. మేడమ్ ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. బదిలీ అయినవాళ్లకి సన్మానసభ సాధారణంగా ఉండదు. స్టాఫ్‌రూములో టీ, సమోసా, ఒక గ్రూప్ ఫోటో. రిటైరైనవాడికి శాలువా, బదిలీ అయినవాడికి సమోసా.

బదిలీల కాలంలో మీరు ఫోన్లలో చూసే వీడియోలు ఉన్నాయే, మాస్టారి కారు చుట్టూ చేరి పిల్లలు బావురుమనడం, గేటుకి అడ్డం పడుకోవడం, అవి నిజమైన ఏడుపులే. నాకు ఆ పిల్లల మీద అనుమానం లేదు. ఫోన్ పట్టుకుని తీస్తున్న చెయ్యి ఎవరిదన్నదే నా అనుమానం. పదకొండేళ్ల పిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే దగ్గరికి వెళ్లి ముక్కు తుడవాలి గానీ, మొహం కనిపించేలా కోణం సరిచూసుకోవడమేమిటి? అదొక్కటీ మానేస్తే బాగుండును.

నవోదయ విద్యాలయాల వాళ్లు ఈ విషయంలో మనకంటే రాటుదేలారు. 1986 విద్యావిధానంతో దాదాపు దేశమంతా విస్తరించిన బడులు గదా, మాస్టర్లు ఏ రాష్ట్రం నుంచైనా వస్తారు, ఏ రాష్ట్రానికైనా పోతారు. తొమ్మిదో తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక ఏడాదిపాటు హిందీ ప్రాంతం నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ మార్చుకుంటారు. వాళ్లకి వెళ్లడం, రావడం పాఠ్యప్రణాళికలో భాగమే. మా ఊరి పక్కనున్న నవోదయలో బీహారు నుంచి వచ్చిన హిందీ మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయన తెలుగు నేర్చుకున్నది పిల్లలు క్రికెట్ ఆడుతూ తిట్టుకునే తిట్ల దగ్గర. వెళ్లేరోజు సభలో కృతజ్ఞతలు తెలుగులోనే చెప్తానని పట్టుబట్టాడు. ఏం మాట్లాడాడో ఇక్కడ రాయలేను. పిల్లలు మాత్రం బల్లలు విరిగేలా చరిచారు.

ఇప్పుడు నన్ను ఇవాళ ఈ కబుర్లకి కూర్చోబెట్టిన సంగతికి వస్తాను. రిటైరైనవాడికి సభ, బదిలీ అయినవాడికి టీ. మరి ఏ ఆర్డరూ లేకుండా వెళ్లేవాళ్ల మాటేమిటి?

గురుకులంలో వంటవాళ్లు, ఆయాలు, వాచ్‌మన్లు, స్వీపర్లు, చాలాచోట్ల నర్సు కూడా, ఎక్కువమంది ఔట్‌సోర్సింగు. ఏజెన్సీ మనుషులు. మార్చి 31తో కాంట్రాక్టు ముగుస్తుంది. కొత్త టెండరు ఎవరికి పడితే వాళ్లు తమ మనుషుల్ని తెచ్చుకుంటారు. పాతవాళ్లని ఉంచుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. ఒక్కోసారి బడి నడిచేదాకా, అంటే ఏప్రిల్ ఆఖరుదాకా లాగుతారు. వీళ్లకి చేరినప్పుడు బడి ఇచ్చిన ఆర్డరు లేదు కాబట్టి వెళ్లేటప్పుడు రిలీవింగ్ ఆర్డరూ ఉండదు. పుట్టినతేదీతో పనిలేదు. సర్వీసు రిజిస్టరు లేదు. జూన్ 12న పిల్లలు ట్రంకుపెట్టె దించి మెస్సులోకి పరిగెత్తి "పెద్దమ్మేదీ?" అంటారు. ఎవరో "మానేసింది" అంటారు. మానలేదు. మాన్పించారు. పిల్లల దగ్గర అంత వివరం ఎవరు చెప్తారు?

ఒక ఏప్రిల్లో మా ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణ సభ ఘనంగా చేశాం. షామియానా, పూలదండలు, బ్యాండుమేళం, దంపతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి సత్కారం. నా పంచరత్నాలు కూడా ఆరోజు చక్కగానే కుదిరాయి. పిల్లలందరికీ చికెన్ బిర్యానీ, శాకాహారులకి పన్నీరు. వెనకాల మెస్సులో పెద్దమ్మ తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించింది. ఆమెకీ అదే ఆఖరి రోజు. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కి తెలియదు, నాకు తెలియదు. మెస్ మేనేజరుకి తెలుసు, అతను సభలో మైకు సెట్టు చూసుకుంటున్నాడు.

పిల్లలకి ఎలా తెలిసిందో తెలిసింది. వాళ్లకి తెలియనిది బడిలో ఏముంటుంది? సభలో ఉపన్యాసాలు సాగుతుండగా ఎనిమిదో తరగతి వరుస ఒకటొకటిగా ఖాళీ అవడం చూశాను. మైకు పక్కవాడికిచ్చి వెనక్కి వెళ్లాను. పిల్లలు మెస్సు వెనక గుమ్మం దగ్గర చేరారు. పెద్దమ్మ డేగిశా అంత ఎత్తు మనిషి. కళ్ల కింద పొగమసి. చెయ్యి ఖాళీ లేదు. గరిటె పట్టుకునే, ఒక్కొక్కరికి ఏదో ఒకటి చెప్తోంది. ఏడుపు గీడుపు ఏం లేవు. "ఒరేయ్, సాంబారులో ముక్కలు అడుగునుంటాయి. కొత్తగా వచ్చేవాళ్లని గరిటె అడుక్కి పెట్టి తియ్యమనండి. పైపైన నీళ్లే పోస్తారు, ఊరుకోకండి." ఇంకొకడితో, "నీకు ఉప్మా పడదు గదరా, ఆరోజు రాత్రి మిగిలిన అన్నానికి నిమ్మకాయ పిండించుకో, సిగ్గుపడి కడుపు మాడ్చుకోకు." ఎప్పుడూ రెండోసారి అడగడానికి మొహమాటపడే ఒక బక్కపిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచి, "నువ్వు క్యూలో ముందు నిలబడకురా, ఆఖర్న రా. ఆఖర్న వచ్చినవాడికి గిన్నె ఊడ్చి పెడతారు" అంది.

ఇదిగో, ఇదీ చార్జి అప్పగింతే. మేడమ్‌కి నోట్‌బుక్ ఉంది, పెద్దమ్మకి రాయడం రాదు. ఆమె పిల్లలకే అప్పగించి పోయింది.

పిల్లలు ఏమిచ్చారంటారా? వాళ్ల దగ్గర ఏముంటుంది? పాకెట్ మనీ కూడా హౌస్ మాస్టారి దగ్గర డిపాజిట్టు. ప్రిన్సిపాల్ గారి కోసం తెచ్చిన దండల్లో ఒకటి ఎవడో లేపుకొచ్చాడు. నాకు తెలుసు ఎవడో. బంతిపూల దండ, మధ్యలో జరీ. పెద్దమ్మ మెడలో వేస్తే, "ఛీ, పొయ్యి దగ్గర వాడిపోద్దిరా" అని తీసి గుమ్మానికి తగిలించింది. షామియానాలో దండలు లెక్క తక్కువైతే జిల్లా అధికారికి వేయాల్సింది పక్కన అతిథికి వేశారు. ఎవరి గౌరవానికీ ఏ లోటూ రాలేదు.

ఆ సాయంత్రం ఏజెన్సీ ఆటో వచ్చింది. ప్రిన్సిపాల్ గారిని బ్యాండుమేళంతో ఇంటిదాకా దిగబెట్టి వచ్చేసరికి పెద్దమ్మ వెళ్లిపోయింది.

ప్రిన్సిపాల్ గారు మంచివారు. తర్వాత ఎప్పుడో ఈ సంగతి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే పక్కన కుర్చీ వేయించేవాణ్ణిగా" అన్నారు. ఆయన మాటని నేను నమ్ముతాను. కుర్చీల కొరత ఎక్కడా లేదు. లేనిదల్లా పేరు. రిటైరయ్యేవాళ్ల జాబితా ఆఫీసులో ఉంటుంది. బదిలీల జాబితా పైనుంచి వస్తుంది. ఏజెన్సీ కాంట్రాక్టు ఎవరితో ముగుస్తోందో ఆ జాబితా బడిలో ఎవరి టేబుల్ మీదా ఉండదు.

కాబట్టి గురుకులాల్లో పనిచేసే ప్రిన్సిపాళ్లకీ, వార్డెన్లకీ, నా తర్వాతి తెలుగు మాస్టర్లకీ ఒక విన్నపం. మార్చి నెల మొదట్లోనే మెస్ మేనేజర్ని పిలిచి, ఈ ఏడు ఎవరెవరు వెళ్లిపోతున్నారో పేర్లు రాయించండి. అన్ని పేర్లూ ఒకే బోర్డు మీద, హోదా రాయకుండా. సభ ఒక్కటే, అందరికీ. ఉపన్యాసాలు రెండుకి మించకుండా. వంటావిడ వెళ్తుంటే ఆరోజు వంట బయటివాళ్లకి చెప్పండి, ఆమెని కూర్చోబెట్టి పిల్లల చేత వడ్డించండి. సన్మానపత్రం రాయలేకపోతే ఫర్వాలేదు, ఎన్నేళ్లు వండిందో, ఎంతమందికి వండిందో ఒక తెల్లకాగితం మీద రాసి, బడి ముద్ర వేసి ఇవ్వండి. ఇంకో చోట పని అడగడానికి ఆమెకి పనికొస్తుంది. శాలువా కంటే ఎక్కువ పనికొస్తుంది.

వెళ్లేవాళ్లు చెప్పే మాటలు వినడానికి కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్క రోజు కలిపి ఇవ్వండి. బియ్యం తూచడానికి అరపూట ఇస్తున్నాం. నిద్రలో నడిచే పిల్ల గురించి చెప్పడానికి ఓ అరపూట ఇవ్వలేమా?

సిల్వర్ జూబిలీలకి వచ్చే పూర్వవిద్యార్థులకి ఇది నేను చెప్పక్కర్లేదు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రిన్సిపాళ్ల ఫోటోలు రెండు రోజులు తిరుగుతాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు "మన మెస్ పెద్దమ్మ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?" అని అడుగుతారు. అక్కడి నుంచి నెల్లాళ్లు వెతుకులాట. ఆమె పేరు ఎవరికీ తెలియదు. పెద్దమ్మ అనే పిలిచారు మరి.

మీకు చెప్పేది ఇంతే. ఈ ఏప్రిల్లో మీ పిల్లవాణ్ణి తీసుకురావడానికి వెళ్తారుగా. ట్రంకుపెట్టె ఆటోలో పెట్టించాక, పోయిన చెప్పు కోసం వాణ్ణి తిట్టడం అయ్యాక, ఒక్క ఐదు నిమిషాలు మెస్సు వెనక్కి నడవండి. అక్కడున్నావిడ పేరు అడగండి, ఊరు అడగండి, ఫోన్ నంబరు రాసుకోండి. మీవాణ్ణి పక్కన నిలబెట్టి "వెళ్లొస్తాను పెద్దమ్మా" అనిపించండి. వచ్చే ఏడు ఆమె ఉంటుందో లేదో ఆమెకే తెలియదు.